పాత రబ్బరు పడవ పుట్టుపూర్వోత్తరాలు

గోదావరి ఒడ్డున కొలువు చేసే మనవంటి వారికి జూలై, ఆగస్టు నెలలు రెండు లెక్కల నడుమ గడుస్తాయి. ఒకటి ఉత్పత్తి లెక్క. రెండవది భద్రాచలం దగ్గర నీటిమట్టం లెక్క. అక్కడ నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగుల వరకు వచ్చింది. ఈ రెండు అంకెలను మన కాలనీలో ఎవరిని నిద్రలేపి అడిగినా చెబుతారు.

ఆ 2022 వరద రోజుల్లో మా యూనిట్ స్టోరులో ఒక రబ్బరు పడవ ఉన్నది. లెడ్జరులో "రబ్బరు పడవ, గాలితో నింపునది, ఒకటి, కాలి పంపుతో సహా" అని పద్దు సక్రమంగానే ఉన్నది. కాని పల్లంలో ఉన్న రెండు పల్లెల నుంచి మనుషులను తరలించవలసి వచ్చినప్పుడు, దానిని నీటిలోకి దింపండని చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అది ఎన్నేళ్ళ నాటిదో, దేనితో చేసినదో, చివరిసారిగా ఎప్పుడు గాలి నింపారో చెప్పగలవారు ఒక్కరూ లేకపోయారు. ప్రభుత్వ సహాయక బృందాల పడవలు వచ్చి ఆ పని నిర్వహించాయి. మన పడవ టార్పాలిన్ కింద చుట్టగానే పడి ఉన్నది.

వరద తీసిన తరువాత యాజమాన్యం మా విభాగాన్ని ఒకే ప్రశ్న అడిగింది. ఈ పడవ బాగుపడుతుందా, లేక కండెమ్ చేయవలసిందేనా? మేము బెల్టు నిర్వహణ విభాగం వారము. బొగ్గును మోసుకుపోయే కన్వేయరు బెల్టు తెగినప్పుడు దానిని అతకడం మా వృత్తి. రబ్బరు అన్న మాట వినబడితే చాలు, ఆ ఫైలు మా బల్ల మీదికే వస్తుంది. క్యాంటీన్ గ్రైండరు బెల్టు నుంచి స్కూలు పిల్లల ఫుట్‌బాల్ వరకు అన్నీ మావే. ఆ వరుసలోనే పడవ కూడా వచ్చి చేరింది.

పడవను షెడ్డులో పరిచిన నాడు, కొత్తగా చేరిన ట్రెయినీ ఇంజనీరు ఒకరు ఉత్సాహంగా అన్నారు: "మేస్త్రిగారూ, ట్యూబు సొల్యూషన్ రాసి నాలుగు ప్యాచిలు వేస్తే సాయంత్రానికి తేలుతుంది కదండీ?" బెల్టు అతకడంలో చేయి తిరిగిన మా పెద్ద మేస్త్రి నవ్వి, "తేలుతుంది బాబూ. రేపు పొద్దుటికి ఆ ప్యాచిలు మీ చేతికే వస్తాయి. ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు తేలనీండి, జిగురు సంగతి తరువాత" అన్నారు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు వివరణ అనుకోవచ్చు.

రబ్బరు పడవ అని మనం ఒకే పేరుతో పిలుస్తున్నా, దాని గుడ్డ నాలుగైదు రకాలుగా ఉంటుంది. గుడ్డ అనడం పొరపాటు కాదు. ఏ గాలి పడవకైనా నడుమ నేత బట్ట ఉంటుంది. పూర్వం నూలు, ఇప్పుడు నైలాన్ గాని పాలియెస్టర్ గాని. బలాన్నిచ్చేది ఆ బట్ట. గాలిని పట్టి ఉంచేది దానికి రెండు వైపులా పట్టించిన పూత. ఈ విద్య పాతదే. రబ్బరును నాఫ్తాలో కరిగించి రెండు బట్టల నడుమ పట్టించే పద్ధతికి చార్లెస్ మాకింటాష్ 1823లో పేటెంటు పొందారు. 1840 దశకంలో హాల్కెట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి తొడుక్కునే అంగీయే గాలి నింపితే పడవ అయ్యే ఏర్పాటు చేశారు. ఉత్తర ధ్రువ ప్రాంతాల అన్వేషకులు దానిని వాడుకున్నారు కూడా.

ఆ కాలమంతా చెట్టు నుంచి వచ్చిన సహజ రబ్బరుదే. సహజ రబ్బరుకు సాగే గుణం అపారం. అయితే ఎండకూ, గాలిలోని ఓజోనుకూ అది త్వరగా లోబడుతుంది. సైకిలు టైరు పక్క భాగాన సన్నని పగుళ్ళు వచ్చేది అందువల్లనే. 1930లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు పుట్టింది. నూనెకు, ఎండకు అది మెరుగ్గా తట్టుకుంటుంది. 1950 దశకంలో అదే సంస్థ హైపలాన్‌ను తెచ్చింది. ఓజోను దాడి చేయదగిన బలహీన బంధాలు దాని ప్రధాన గొలుసులో లేవు గనుక ఎండలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మంచి పడవలకు బయటి పూత హైపలాన్, లోపలి పూత నియోప్రీన్ అన్న సంప్రదాయం అలా స్థిరపడింది. 2010లో డ్యూపాంట్ హైపలాన్ తయారీని విరమించుకున్నది. ఆ రసాయన పదార్థాన్ని ఇతరులు తయారు చేస్తున్నారు. వాడుకలో మాత్రం పాత పేరే నిలిచింది. వనస్పతిని ఎవరు తయారు చేసినా మన ఇళ్ళలో డాల్డా అన్నట్లే. ఇక చవకగా వచ్చే పడవలు, ఇటీవలి వాటిలో చాలా భాగం, పాలియెస్టర్ బట్ట మీద పి.వి.సి. పూతతో వస్తాయి. పి.వి.సి. రబ్బరు కాదు, ప్లాస్టిక్. చూపుకు, స్పర్శకు రబ్బరులా ఉండడం వల్లనే ఇన్ని చిక్కులు.

సైకిలు ట్యూబు సొల్యూషన్ పనిచేయకపోవడానికి కారణం ఇక్కడే ఉన్నది. అది సహజ రబ్బరు ద్రావణం. ట్యూబు రబ్బరుతోనూ, ప్యాచి అడుగున ఉండే పచ్చి రబ్బరు పొరతోనూ కలిసి ఒకటైపోతుంది. హైపలాన్ మీద గాని, పి.వి.సి. మీద గాని అలా కలవదు. పైపైన పట్టుకుని ఉంటుంది, అంతే. హైపలాన్‌కు, నియోప్రీన్‌కు నియోప్రీన్ జాతి జిగురే కావాలి. పి.వి.సి.కి పాలియురేతేన్ జాతి జిగురు కావాలి. ఒకదాని జిగురు మరొకదానికి రాస్తే ఆ రోజుకు అతికినట్లే కనిపిస్తుంది. మోసమంతా అక్కడే. షెడ్డులో ఊడిపోతే నష్టం లేదు. నడి ప్రవాహంలో, ఆరుగురు మనుషులు కూర్చున్నప్పుడు ఊడితే?

కనుక గుర్తింపు. పడవ వెనుక మోటారు బిగించే చెక్క పలక మీద తయారీదారు బిళ్ళ ఉంటుంది. మా పడవకు నాలుగు స్క్రూ రంధ్రాలు మిగిలాయి, బిళ్ళ లేదు. ఇక చేతులతో, కళ్ళతో, ముక్కుతో తేల్చవలసిందే.

మొదట లోపలి రంగు చూశాము. గాలి నింపే వాల్వును విప్పి టార్చిలైటు వేస్తే గొట్టం లోపలి గోడ కనిపిస్తుంది. పి.వి.సి. గుడ్డ తరచుగా రెండు వైపులా ఒకే రంగులో ఉంటుంది. మా పడవ బయట బూడిద రంగు, లోపల నల్లన. ఇది హైపలాన్, నియోప్రీన్ జంటకు సూచన. సూచనే గాని సాక్ష్యం కాదు.

తరువాత ఉప్పు కాగితం. ఎవరి కంటా పడని చోట, పిడి కింద, ఒక అంగుళం మేర రుద్దాము. రబ్బరు జాతి అయితే మెరుపు పోయి, సన్నని పొడి రాలి, ఉపరితలం మందంగా మారుతుంది. పి.వి.సి. అయితే గీతలు పడతాయి గాని అంతగా పొడి రాలదు. మాకు బూడిద రంగు పొడి రాలింది. పక్కనే దూది పుల్లతో ఎసిటోన్ అద్ది చూశాము. పి.వి.సి. అయితే కొద్ది సేపటికే వేలికి బంకగా తగులుతుంది. మాకు తగలలేదు. టాలుయిన్ అద్దితే మాత్రం పై పొర కొద్దిగా మెత్తబడి, దూదికి రంగు అంటింది. రబ్బరు వైపు మొగ్గు ఇంకొంచెం పెరిగింది.

మూడవది వేడి సూది. పిడి అంచున వృథాగా వేలాడుతున్న గుడ్డ పీలికను చిటికెడు కత్తిరించి, కాల్చిన సూదిని దానికి ఆనించాము. పి.వి.సి. అయితే సూది వెన్నలో దిగినట్లు దిగిపోతుంది, ఎందుకంటే అది వేడికి కరిగే ప్లాస్టిక్. ఒకసారి గంధకం వంటి వాటితో ఉడికించి బిగించిన రబ్బరు కరగదు, మాడుతుంది. మా పీలిక మాడింది.

నాలుగవదానిని మా ట్రెయినీ ఇంజనీరు రసాయన విభాగం నుంచి నేర్చుకుని వచ్చారు. రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, గుడ్డ పీలికకు ఆనించి, మళ్ళీ మంటలో పెడితే, ఆ పదార్థంలో క్లోరిన్ ఉన్నప్పుడు మంట ఆకుపచ్చగా మారుతుంది. మా మంట ఆకుపచ్చగా వెలిగింది. ఆయన సంతోషించి "పి.వి.సి.యే" అని ప్రకటించారు. కాని క్లోరిన్ పి.వి.సి.లోనూ ఉన్నది, నియోప్రీన్‌లోనూ ఉన్నది, హైపలాన్‌లోనూ ఉన్నది. సహజ రబ్బరులో మాత్రమే లేదు. అంటే ఈ పరీక్ష సహజ రబ్బరును పక్కకు తీసివేయగలదు; మిగిలిన మూడింటిని విడదీయలేదు. రాగి తీగ, వేడి సూది రెండూ కలిసినప్పుడే తీర్పు వస్తుంది. క్లోరిన్ ఉన్నది, కరగడం లేదు. కనుక నియోప్రీన్ గాని హైపలాన్ గాని. ఈ పొగ విషపూరితమైనది. ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి, బియ్యపు గింజంత ముక్కతో చేయవలసిన పరీక్ష ఇది. ఇంటి దగ్గర పిల్లలు ప్రయత్నించరాదు.

ఆ రెండింటిలో ఏది? లేత రంగు నియోప్రీన్ ఎండకు రంగు మారి నల్లబారుతుంది. మా పడవ ఏళ్ళు గడిచినా లేత బూడిద రంగులోనే ఉన్నది, ఓజోను పగుళ్ళూ లేవు. కనుక బయటి పూత హైపలాన్ అని తేల్చాము. నిజానికి మరమ్మతు చేసేవారికి ఈ చివరి తేడా అంతగా అవసరం లేదు. రెండింటికీ జిగురు ఒకటే.

ఇంతవరకు బాగున్నది. ఇక్కడే మా మేస్త్రి పడవ చుట్టూ ఒకసారి నడిచి, పక్కల రాపిడి తగలకుండా అంటించిన పట్టీ మీద మళ్ళీ వేడి సూది పెట్టించారు. సూది దిగిపోయింది. ఎవరో ఎప్పుడో ఆ పట్టీని పి.వి.సి.తో మార్చారు. కుడి వైపు పాత ప్యాచి ఒకటి కూడా పి.వి.సి. గుడ్డే, ట్యూబు సొల్యూషన్‌తో అంటించి, అంచులు లేచిపోతే చుట్టూ సిలికోన్ పూశారు. పాత వస్తువుతో వచ్చే కష్టం ఇదే. దానిని చేసినవారు ఒకరు, బాగుచేసినవారు పదిమంది. ఒకచోట పరీక్షించి పడవంతటికీ తీర్పు చెప్పకూడదు.

సిలికోన్ గురించి ఒక మాట చెప్పక తప్పదు. బాత్‌రూము టైల్సు మధ్య సందులకు అది మంచి వస్తువే. పడవ మీద పూస్తే ఆ చోట ఇక ఏ జిగురూ పట్టదు. కంటికి కనిపించని పొర మిగిలిపోతుంది, ద్రావకాలతో తుడిచినా పోదు. మా వాళ్ళు మొద్దు కత్తితో గీకి, ఆపై రబ్బరు కొత్త పొర బయటపడే వరకు రుద్దవలసి వచ్చింది. రెండు చేతులంత చోటుకు ఒక రోజంతా పట్టింది. తక్షణం అతికించే చిన్న గొట్టాల జిగురు సంగతీ అంతే. అది గాజులా పెళుసు; పడవ గుడ్డ వంగినప్పుడల్లా విరుగుతుంది.

పని మరుసటి ఏప్రిల్‌కు పెట్టుకున్నాము. అంత ఆలస్యం దేనికని అడిగినవారు ఉన్నారు. పడవ జిగురు రెండు భాగాలుగా వస్తుంది. ఒకటి జిగురు, రెండవది దానిని గట్టిపరచే ఐసోసైనేట్ ద్రవం. ఐసోసైనేట్‌కు నీరంటే ఎక్కడలేని ఆకర్షణ. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, రబ్బరుతో కలవవలసినది తేమతో కలిసిపోతుంది. పైగా ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి సన్నని మంచు పొరలా తేమ దిగుతుంది. ఆ తేమ మీద ప్యాచి వేస్తే అతుకు పుట్టుకతోనే రోగి. ఆగస్టు ముసురులో చేసే మరమ్మతు కన్నా, ఏప్రిల్ పొడి వాతావరణంలో నీడ పట్టున చేసే మరమ్మతు ఎంతో మేలు. బెల్టు అతికేటప్పుడు మేము పాటించే నియమమే ఇది. మా బెల్టు జిగురు కూడా నియోప్రీన్ జాతిదే. అయినా దానిని వాడలేదు. జాతి ఒకటైనంత మాత్రాన పాళ్ళు, ఆరే సమయం ఒకటి కావు గనుక పడవకు పడవ జిగురే ఇండెంటు పెట్టి తెప్పించాము.

నీటిలో ఉన్నప్పుడు జిగురు మీద ఆశ పెట్టుకోవడం ఎంత కష్టమో స్టీవెన్ కాలహాన్ అనే అమెరికన్ నావికుడి అనుభవం చెబుతుంది. 1982లో అట్లాంటిక్‌లో ఓడ మునిగి, గాలి తెప్ప మీద ఆయన 76 రోజులు ఒంటరిగా కొట్టుకుపోయారు. నలభై రోజులు దాటిన తరువాత ఈటె మొన తగిలి తెప్ప కింది గొట్టం చిరిగింది. తడి గుడ్డ మీద అంటించడం కుదరదు. చిరుగులో బిరడా పెట్టి తాళ్ళతో బిగించడం, అది జారిపోవడం, మళ్ళీ బిగించడం. ఇలా సుమారు పది రోజుల పోరాటం తరువాత గాని ఆ అతుకు నిలవలేదు. మెట్ట మీద, పొడి చోట, తీరిక ఉన్నప్పుడు చేసే మరమ్మతు విలువ అప్పుడు తెలుస్తుంది.

ప్యాచి వేసే పద్ధతి బెల్టు పని తెలిసినవారికి కొత్త కాదు. చిరుగుకు అన్ని వైపులా రెండేసి అంగుళాలు మిగిలేలా అదే జాతి గుడ్డను కత్తిరించాము. మూలలు గుండ్రంగా ఉండాలి. కోసుగా ఉన్న మూల మొదట లేస్తుంది. గుడ్డకు, పడవకు రెండింటికీ మెరుపు పోయేవరకు ఉప్పు కాగితం, ఆపైన టాలుయిన్ గుడ్డతో తుడుపు. జిగురు మందంగా ఒక్కసారి రాయడం కన్నా పలుచగా మూడుసార్లు రాయడం మంచిది. పూతకు పూతకు నడుమ ఆరనివ్వాలి. చివరి పూత మీద వేలి వెనుక భాగం ఆనిస్తే జిగురు వేలికి అంటకూడదు, కాని పట్టు తెలియాలి. ఆ క్షణాన్ని పుస్తకం చెప్పలేదు, మేస్త్రి వేలే చెప్పింది. ప్యాచిని నడుమ నుంచి అంచులకు, గాలి చిక్కకుండా, చిన్న ఇనుప రోలరుతో నొక్కుకుంటూ పోయారు. జానెడు చిరుగు ఒకదానికి మాత్రం ముందు అంచులను సూదితో కుట్టి, లోపలి వైపు ఒక ప్యాచి, బయట ఒక ప్యాచి వేయవలసి వచ్చింది. ఆ తరువాత వారం రోజులు పడవను ఎవరూ ముట్టుకోలేదు. ఒక రోజులో గాలి నింపవచ్చునంటారు. మాకు తొందర ఏమున్నది?

పనివారి క్షేమం కూడా చూడాలి. టాలుయిన్ ఆవిరి తల తిప్పుతుంది, అగ్గిపుల్లకు అందితే భగ్గుమంటుంది. ఐసోసైనేట్ పీల్చినవారిలో కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే ఆ తరువాత కొద్దిపాటి వాసనకే తిరగబెడుతుంది. షెడ్డు తలుపులు రెండు వైపులా తెరిచి, చేతులకు తొడుగులు, ముఖానికి ఆవిరిని ఆపే మాస్కు పెట్టించిన తరువాతనే డబ్బా మూత తీయనిచ్చాము. గుడ్డ మాస్కు ఈ పనికి రాదు.

ఇక పరీక్ష. గాలి పడవ గొట్టంలో పీడనం చదరపు అంగుళానికి సుమారు 3 పౌండ్లు మాత్రమే ఉంటుంది. కారు టైరులో దానికి పదింతలు. ఈ స్వల్పమైన అంకెతో ఒక చిక్కు ఉన్నది. మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో 3 పౌండ్లకు నింపి, తెల్లవారుజామున 28 డిగ్రీల చల్లదనంలో కొలిస్తే, చిటికెడు గాలి పోకపోయినా మీటరు 2.3 పౌండ్లు చూపిస్తుంది. వాతావరణపు 14.7 పౌండ్లను కూడా కలుపుకుని లెక్క వేస్తే ఈ సంగతి బోధపడుతుంది. లెక్క తెలియనివారు లేని రంధ్రం కోసం వెతుకుతారు. దీనికి తలక్రిందులు మరింత ప్రమాదకరం. తెల్లవారుజామున బిగువుగా నింపి ఎండలో వదిలితే పీడనం 4 పౌండ్లు దాటి, పాత జాయింట్లు విడిపోవచ్చు. మేము ఉదయం ఆరు గంటలకు షెడ్డులో నింపి, గుడ్డ సాగడానికి అరగంట ఆగి, మళ్ళీ 3 పౌండ్లకు సరిచేసి, మరునాడు అదే గంటకు చూశాము. ప్యాచిలన్నీ నిలిచాయి. సబ్బు నీరు పూసినా ఒక్క బుడగ రాలేదు. షెడ్డులో చప్పట్లు మోగాయి. వెనుక పలక దగ్గర జాయింటు ఒకటిన్నర అడుగుల మేర బుడగలు వేసింది గాని, దానిని విప్పి తిరిగి అతికించాము.

ఆ జాయింటును విప్పినప్పుడు మా మేస్త్రి ముఖం మాత్రం మారింది. తయారీ నాటి జిగురు గోటితో గీరితే పొడిగా రాలుతున్నది. గుడ్డ బాగున్నది, జిగురు ముసలిదయింది. ఇక్కడ ఇలా ఉంటే పడవ చుట్టూ ఉన్న మిగిలిన జాయింట్ల సంగతి ఏమిటి? ప్యాచిలను లెక్కపెట్టగలము. ఇంకా విడిపోని జాయింట్లను ఎలా లెక్కపెట్టగలము?

ఆయన ఇంకొక పరీక్ష చేయమన్నారు. గాలి పడవ గొట్టం లోపల ఒకే ఖాళీగా ఉండదు. అడ్డు పొరలతో గదులుగా విడదీసి ఉంటుంది. ఒక గదికి రంధ్రం పడినా మిగిలిన గదులు పడవను తేల్చాలన్నది ఆ ఏర్పాటు. మాది మూడు గదుల పడవ. ముందు గదిని సగం బిగువుకు నింపి, మధ్య గదిని చదునుగా ఉంచి వాల్వు మూసి వదిలాము. పాత అడ్డు పొర మీద ఒకవైపే పూర్తి ఒత్తిడి పెట్టరాదు గనుక సగమే. తెల్లవారేసరికి మధ్య గది దిండులా ఉబ్బి ఉన్నది.

సబ్బు నీటికి ఈ లోపం చిక్కదు, ఎందుకంటే గాలి బయటికి పోవడం లేదు. అన్ని గదులూ నింపితే మీటరుకూ తెలియదు. పడవ రోజుల తరబడి బిగువుగానే నిలబడుతుంది. మధ్య గదికి ఒక ముల్లు దిగిన నాడు, దానితో పాటు ముందు గది కూడా మెల్లగా ఖాళీ అవుతుంది. వరద నీటి కింద ఏమున్నదో మనకు తెలియనిది కాదు. పొలం గట్ల తుమ్మ ముళ్ళు, కంచె తీగలు, ఇళ్ళ కప్పుల నుంచి పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వలు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ కాలనీలను ముంచెత్తినప్పుడు, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం వారి రబ్బరు పడవలు ఇళ్ళ గేట్ల నడుమ, వాహనాల మీదుగా వెళ్ళడం మనమంతా టీవీలో చూశాము. గదుల మీద భరోసా లేని పడవను అటువంటి చోటికి పంపడం ఎలా? అడ్డు పొరను మార్చాలంటే గొట్టాన్నే కోసి తెరవాలి. పొడిగా రాలుతున్న జాయింట్ల నడుమ అది మా షెడ్డులో చేయదగిన పని కాదు.

పై స్థాయి నుంచి వచ్చిన ఒత్తిడిని కూడా దాచవలసిన పని లేదు. వానాకాలం దగ్గర పడుతున్నది. "రక్షణ కార్యక్రమాలకు యోగ్యమైనది" అన్న ధ్రువపత్రం మీద మా విభాగం సంతకం చేస్తే ఒక ఫైలు మూసుకుంటుంది. ఖర్చుల విభాగం వారు న్యాయమైన ప్రశ్నే వేశారు: మరమ్మతుకు డబ్బు ఖర్చు చేసి, గాలి నిలుస్తున్నదని మీరే రాసి, మళ్ళీ కొత్త పడవ దేనికి? మేము అర పేజీ నోటు రాశాము. చిరుగులు బాగుపడినవి, వాటికి మా హామీ ఉన్నది. జాయింట్ల జిగురు వయసు మీరినది. ముందు గదికి, మధ్య గదికి నడుమ అడ్డు పొర గాలిని ఆపడం లేదు. కనుక ప్రవహించే నీటిలో మనుషులను తరలించడానికి ఈ పడవ పనికిరాదు. నోటు కింద మా సంతకాలతో పాటు, మా కోరిక మీద, పెద్ద మేస్త్రి కూడా సంతకం చేశారు. ఖర్చుల విభాగం అధికారి ఒకరు స్వయంగా షెడ్డుకు వచ్చి, ఉబ్బిన మధ్య గదిని చేతితో నొక్కి చూసి వెళ్ళారు. ఆ తరువాత ప్రశ్నలు రాలేదు.

కొత్త పడవ 2024 వానాకాలానికి ముందే చేరింది. ఇండెంటులోనే మేము మూడు షరతులు రాయించాము. గుడ్డ ఏ జాతిదో తయారీదారు రాతపూర్వకంగా చెప్పాలి, ఆ గుడ్డ ఒక మీటరు అదనంగా ఇవ్వాలి, దానికి తగిన జిగురు పేరు సూచించాలి. ఆ వివరాలను రేకు బిళ్ళ మీద చెక్కించి, ఒకటి పడవకు, ఒకటి స్టోరు గోడకు బిగించాము. ఏడాదికి రెండుసార్లు, మే నెలలోను, నవంబరులోను, గదులను ఒక్కొక్కటిగా నింపి పరీక్షించి లెడ్జరులో తేదీ వేస్తున్నాము.

పాత పడవను కండెమ్ చేయలేదు. దాని రెండు పక్కలా ఎర్ర రంగుతో "నిలవ నీటికి మాత్రమే" అని రాయించాము. ముడి నీటి చెరువులో గుర్రపుడెక్క తీయడానికి దానిని వాడుతున్నారు. ఇద్దరికి మించి ఎక్కరాదు, లైఫ్ జాకెట్లు తప్పనిసరి, గట్టు మీది మనిషి చేతిలో తాడు ఉండాలి. పని అయిన తరువాత మంచి నీటితో కడిగి, ఆరబెట్టి, మడతల మీద టాల్కం పొడి చల్లి, వదులుగా చుట్టి నేల మీద కాకుండా చెక్క బల్ల మీద పెడుతున్నారు. స్టోరులో ఎలుకలకు పడవ గుడ్డ అంటే ఎందుకో మక్కువ ఎక్కువ. అందుకని ఇనుప జాలీ తలుపు పెట్టించమని మళ్ళీ ఇండెంటు పెట్టాము. అది ఇంకా రావలసి ఉన్నది.